శుక్రవారం బకెట్

నన్ను కన్న అవ్వ పోయిన పన్నెండో నాడు ఆమె సందుగ పెట్టె తెరిచే పని నాకే పడింది. ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి పడక తప్పదు. వచ్చిన చుట్టాలు తలుపు దగ్గర నిలబడి మెడలు చాచి చూశారు, లోపల ఏ నగో నట్రో బయటపడుతుందన్నట్టు. మా అవ్వ దగ్గర ఏముంటుంది? మడత విప్పని రెండు నేత చీరెలు, బాపు డ్రైవింగ్ లైసెన్సు, మా అన్న రాజేశం తొడుక్కున్న గళ్ళ అంగీ, కర్పూరం బిళ్ళల డబ్బా. అన్నిటికంటే అడుగున పాత ధోవతి గుడ్డలో చుట్టిన అరచేయంత మూట ఒకటి ఉంది. చూపుకు చిన్నదే కానీ బరువు. విప్పితే ఎర్రటి పొడి నా ఒళ్ళో రాలింది. జంగు పట్టి, తుప్పు రాలే ఇనుప రేకు ముక్క. ఒక అంచు ఉలితో కోసినట్టు తిన్నగా ఉంది, మిగతా మూడు వైపులా చెదలు తిన్న కాగితంలా చిల్లులు. "ముసలిది, దిష్టికి దాసుకున్నట్టున్నది" అంది మేనత్త కోడలు, ఆమె వెనకే మిగతావాళ్ళూ నిరాశగా వంటింట్లోకి కదిలారు. నేను మాత్రం చూడగానే పోల్చుకున్నాను. అది మా పాత జీపు అడుగు రేకు. ఆ రేకు సంగతి అవ్వకు ఎన్నడూ తెలియకూడదని బాపు, నేను, టింకరింగ్ చేసే ఖాసీం చాచా, ముగ్గురం కలిసి దాచాం. నలభై ఏళ్ళు దాచాం. బాపు ఆ మాట గొంతులోనే పెట్టుకుని పోయాడు. మరి ఇది ఆమె సందుగలోకి ఎలా వచ్చింది?

మాది మంథని. మా తాత గుంట మగ్గం మీద నేసేవాడు, బాపు కూడా పెళ్ళయ్యేదాకా అదే గుంటలో కాళ్ళు పెట్టుకుని నేశాడు. మిల్లు గుడ్డ వచ్చి నేత పని పలచబడ్డాక ఆయన లారీల మీద తిరిగి స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాడు. చివరికి మిలటరీ వాళ్ళు వేలం వేసిన జీపొకటి పట్టుకొచ్చి, వెనక పొడుగు బాడీ కట్టించి, లోపల రెండు పక్కలా బల్లలు వేయించి, మంథనికీ పెద్దపల్లికీ మధ్య జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. జీపును ఎక్కడ నిలపాలన్న ప్రశ్న వచ్చింది. మగ్గం గుంటను మట్టితో పూడ్చి, ముందు గోడ తీసేసి, సరిగ్గా ఆ జాగలోనే నిలిపారు. మగ్గం ఉన్నన్నాళ్ళూ అవ్వ ప్రతి శుక్రవారం తెల్లవారగానే గుంటను ఊడ్చి, అలికి, మగ్గం కర్రకు పసుపు రాసి బొట్టు పెట్టి, అప్పుడుగానీ బాపును అందులో కాలు పెట్టనిచ్చేది కాదు. కూడు పెట్టే చోటు ఎంగిలిగా, మురికిగా ఉండకూడదని ఆమె పట్టుదల. గుంట పోయి జీపు వచ్చింది, కానీ ఆమె శుక్రవారం పోలేదు. ఇల్లు అలికినట్టే జీపునూ కడిగేది, పైన మాత్రమే కాదు, లోపల కూడా.

ఆ శుక్రవారాల వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. తడిసిన రబ్బరు, పసుపు, ఊదుబత్తి, వాటి కింద ఎక్కడో డీజిల్. అవ్వ కొంగు దోపుకుని వెనక తలుపు తీసి, జీపులోకి బకెట్లకు బకెట్లు కుమ్మరించేది. ఉత్త నీళ్ళు కాదు, ఉప్పునీళ్ళు. వంద మంది ఎక్కి దిగే బండి, ఎవరి నజరు ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు, దిష్టి పోవాలంటే ఉప్పే అని ఆమె నమ్మకం. మా వీధిలో శుక్రవారం ఉప్పునీళ్ళతో గడప కడగని ఇల్లు లేదు, ఆమె కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బావి నుంచి నీళ్ళు చేది తెచ్చేదాన్ని నేను. దొడ్డుప్పు రెండు పిడికిళ్ళు వేసి మోచేతి దాకా ముంచి కలిపేదాన్ని కూడా నేనే, అవ్వ చేతులకు అప్పటికే పసుపు ఉండేది కాబట్టి. దానికోసం ఒక ఇనుప బకెట్ వేరుగా ఉండేది. శుక్రవారం బకెట్ అనేవాళ్ళం. దానికి ఏడాదికోసారి అడుగు ఊడేది. బకెట్లు మాటేసేవాడు వీధిలోకి రాగానే అవ్వ దాన్నే ముందు బయట పెట్టేది. తాగే నీళ్ళ బకెట్లు ఏళ్ళకేళ్ళు ఉంటుంటే ఇదొక్కటే ఎందుకు పోతున్నదని మేమెవరమూ ఆలోచించలేదు. నీళ్ళు కుమ్మరించాక ఆమె పాత చీరె గుడ్డతో రబ్బరు చాపను అద్దంలా తుడిచేది. చాప కిందికి దిగిన నీళ్ళను ఎవరు తుడుస్తారు? చాపను తారు పెట్టి అతికించారు, అది లేచేది కాదు.

మా అన్నకు ఈ కడుగుడంటే ఒళ్ళు మంట. నాకంటే అయిదేళ్ళు పెద్ద. బాపు నడుపుతుంటే వాడు వెనక ఫుట్‌బోర్డు మీద నిలబడి, పైకప్పు కమ్మీ పట్టుకుని, "పెద్దపల్లి పెద్దపల్లి పెద్దపల్లి" అని ఒకే ఊపిరిలో అరిచేవాడు. జీపు అద్దంలో తల దువ్వుకోకుండా బండి కదలనిచ్చేవాడు కాదు. శుక్రవారం మొదటి ట్రిప్పు ఆలస్యమయ్యేది, తడి బల్లల మీద కూర్చున్నవాళ్ళు వాణ్ణి తిట్టేవాళ్ళు. "అవ్వా, నీ కొడుక్కన్న ఇన్ని తానాలు పోసినవా? నీ బండికి పడిశం పడ్తది సూడు" అని వాడు ఎగతాళి చేస్తే, "నోర్ముయ్యి, అది పెడ్తెనే తింటున్నవ్" అని తడి గుడ్డతో వీపు మీద ఒకటి వేసేది. నేను పెద్దపల్లి కాలేజీకి వాళ్ళ జీపులోనే పోయేదాన్ని. సీట్లు నిండితే నన్ను లేపి బయటివాళ్ళను కూర్చోబెట్టేవాడు. "పంతులమ్మా, జర లే. రేపు బడిల కూసునుడే గద నీ పని" అనేవాడు. ఇంట్లో ఎవరూ అనుకోని రోజుల్లోనే నన్ను పంతులమ్మను చేసింది వాడే.

ఖాసీం చాచా షెడ్డు పెద్దపల్లి మొదట్లో, మంథని రోడ్డు పక్కన ఉండేది. నాలుగు కర్రల మీద తాటాకుల కప్పు, మధ్యలో వెల్డింగ్ చేసే కార్బైడ్ గ్యాసు డబ్బా, దాని నుంచి వెల్లుల్లి మురిగినట్టు ఒక వాసన. ఆయన తక్కువ మాట్లాడేవాడు, బండి మీద చెవి పెట్టి ఎక్కువ వినేవాడు. చిన్న సుత్తితో రేకును తడుతూ పోతుంటే మంచి ఇనుము గంటలా మోగేది, లోపల జంగు తిన్నచోట తడి గోడను కొట్టినట్టు చప్పుడు చచ్చిపోయేది. పాడైపోయిన రేడియో లోపలి అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి జేబులో పెట్టుకునేవాడు. రంగు ఎంత నిగనిగలాడినా సరే, దాన్ని రేకు మీద జారవిడిస్తే ఇనుమున్నచోట అతుక్కునేది, పైపైన చిల్లులు కప్పే లప్పం పూసినచోట జారి కింద పడేది. అమ్మేవాళ్ళు చూస్తుండగా ఆయన జేబులో చెయ్యి పెడితే చాలు, మొహాలు మాడిపోయేవి. ఒంటి మీది జంగుకు భయపడొద్దు, ఒంటి లోపలి జంగుకు భయపడాలి అని అందరికీ చెప్పేవాడు. చెప్పినమాట వినేవాళ్ళు తక్కువ, ఎందుకంటే పైది కనబడుతుంది, లోపలిది కనబడదు.

ఆ దసరా ముందర మా జీపును రంగు కోసం ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆ రోజు కాలేజీ వదిలాక నేనూ అక్కడికే వెళ్ళాను. చాచా బండి కింద వెల్లకిలా పడుకుని తట్టుకుంటూ పోయి, వెనక భాగం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ తట్టాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "మల్లేశమన్నా, ఎనక అడుగు మంచిగ లేదు. సప్పుడు జూడు. చాప లేపి, కోసి, కొత్త ఇనుప చద్దరెయ్యాలె. ఫుట్‌బోర్డు బోల్టులన్ని గా పట్టీకే ఉన్నయ్" అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందని బాపు అడిగాడు. వారం, పది రోజులు. "పండుగ ముంగట పది రోజులా?" అన్నాడు బాపు. దసరా అంటే ఊళ్ళకు పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు, తర్వాత పెళ్ళిళ్ళు. "ఇప్పటికైతె లప్పం పెట్టి రంగేయ్ భాయ్. సంక్రాంతి దాటినంక మొత్తం ఇప్పుదాం." చాచా నసిగాడు. అన్న ఫుట్‌బోర్డు మీదికెక్కి ధనధనా మూడుసార్లు ఎగిరి చూపించాడు. "సూసినవా చాచా? ఏనుగెక్కినా ఏం గాదు" అని నవ్వాడు. చాచా కూడా నవ్వాడు. లప్పం పెట్టాడు, పైన నల్ల రంగు వేశాడు. పండుగనాడు అవ్వ దాని ముందర గుమ్మడికాయ కొట్టించి, ఆ మరుసటి శుక్రవారం యథాప్రకారం కడిగింది. నీళ్ళు నేనే తెచ్చాను.

సంక్రాంతి ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం క్లాసులో ఉండగా అటెండరు వచ్చి నా పేరు పిలిచాడు. గేటు దగ్గర మా జీపు నిలబడి ఉంది. వెనక ఫుట్‌బోర్డు లేదు. అది ఉండాల్సిన చోట రేకు చింపిన అట్టలా వేలాడుతోంది. లోపల రెండు బల్లల మధ్య మా అన్నను పడుకోబెట్టారు, తల కింద ఎవరిదో తువ్వాల. దారిలో కాలువ మీది చిన్న మోరీ దగ్గర బండి ఎత్తేసిందట, అంతే. రోజూ ఎత్తేసే మోరీయే. ఫుట్‌బోర్డు అడుగు పట్టీతో సహా ఊడి, వాడు వెనక్కి కంకర మీద పడ్డాడు. నిండా ఇరవై అయిదేళ్ళు లేవు. బాపు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు, నన్ను చూడలేదు. దవాఖానకు పోదామా అని నేను అడిగాను. జీపులో ఉన్న ముసలాయన ఒకాయన, "ఇంకెక్కడి దవాఖాన బిడ్డా, ఇంటికే పోదాం" అన్నాడు. నేను లోపలికెక్కి అన్న పక్కన ఆ రబ్బరు చాప మీదే కూర్చున్నాను. మంథని వచ్చేదాకా వాడి తల కదలకుండా పట్టుకున్నాను. ఆ దారి గురించి ఇంతకంటే రాయలేను.

దినాలయ్యాక, పోలీసులు బండి వదిలాక, బాపు దాన్ని చాచా షెడ్డుకు తోలించాడు. కొడుకును మింగిన బండిని మళ్ళీ బాగుచేయిస్తాడా అని ఊళ్ళో కొందరు నోళ్ళు నొక్కుకున్నారు. బాపు ఏం చేస్తాడు? పూడ్చిన మగ్గం గుంటను మళ్ళీ తవ్వుకుంటాడా? ఇల్లు గడవాలంటే ఆ బండే దిక్కు. నేను బస్సులో కాలేజీకి పోతూ ఆయనకు సద్ది తీసుకుపోయేదాన్ని. మొదటి రోజే చాచా వేడి చేసిన ఉలితో తారు కోసి చాపను లేపాడు. చర్మం ఊడినట్టు వచ్చింది. కింద ఇనుము లేదు. ఎర్రటి పొరలు, పొరల మీద పొరలు, వేలితో ఎత్తితే లేచిపోయే పొరలు. వాటి మధ్య సందుల్లో, మూలల్లో తెల్లగా పేరుకున్నది ఏదో ఉంది. చాచా బొటనవేలు ఆనించాడు. వేలు అడుగు దాటి బయటికి దిగింది. ఆయన ఆ తెల్లదాన్ని కొంచెం గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేసి బాపు వైపు చూశాడు.

"ఉప్పన్నా. గిందుల ఉప్పు బస్తాలు మోసినవా ఎన్నడన్న?"

 బాపు కార్బైడ్ డబ్బాకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. నేను సద్ది గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మా ఇద్దరి కళ్ళ ముందరా ఒకటే కదిలింది: కొంగు దోపుకున్న అవ్వ, పసుపు చేతులు, బకెట్. చాచా మళ్ళీ అడిగాడు. చివరికి బాపే చెప్పాడు, "శుక్రారం శుక్రారం కడిగేది. ఉప్పునీళ్ళతోని."  ఇంట్లో అవ్వ అప్పటికి పదిహేను రోజులుగా గోడకు తిరిగి పడుకుంటోంది. ఎవరన్నా బలవంతం చేస్తే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. ఈ సంగతి చెవిన పడితే ఆమె బతకదు. నాకు పందొమ్మిదేళ్ళు, కానీ ఆ క్షణాన ఆ షెడ్డులో పెద్దదాన్ని నేనే అయ్యాను.

"అవ్వకు చెప్పద్దు బాపూ. చెప్తే సచ్చిపోతది" అన్నాను.

"మరేం జెప్తరు బిడ్డా? ఎట్ల ఊడిందని ఊరంత అడుగుతది" అన్నాడు చాచా.  ఆయన ఆ రేకును అటూ ఇటూ తిప్పి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "నా వెల్డింగ్ ఇడిసిందని చెప్పున్రి."

"వద్దు ఖాసీం భాయ్. గది పాపం."

"లప్పం పెట్టిందెవలు? నేనే గద. పెట్టనని గట్టిగ అనకపోతిని. సగం నిజమే. పరేషాన్ కాకు, ఒక రెండు నెలలు తిడ్తరు, మరుస్తరు."

నేను ఒక్క మాట అనలేదు. వద్దు చాచా అనలేదు, ఇంకో దారి చూద్దాం అనలేదు. నాకది పెద్ద బరువు దిగినట్టనిపించింది, అంతే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దిగిన బరువును తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన బాగుచేసిన తీరు మాత్రం చెప్పాలి. కుళ్ళినంత మేర కోస్తే సరిపోదు, మెరిసే ఇనుము కనబడేదాకా కోయాలి అంటూ అడుగులో సగం పైగా తీసేశాడు. ఒక్కో ముక్క కోసి బయట కుప్పలో పడేస్తుంటే బాపు ప్రతి ముక్కనూ చూసేవాడు. కొత్త రేకును బండి కింది వంపులకు సరిపోయేలా సుత్తితో కొట్టి కొట్టి మలిచాడు, నీళ్ళు నిలవకుండా మూలల్లో రంధ్రాలు పెట్టాడు, రెండు వైపులా ఎర్ర పూత పూశాడు. ఫుట్‌బోర్డు మళ్ళీ బిగించనన్నాడు, బాపు కూడా అడగలేదు. ఆ పన్నెండు రోజులూ వాళ్ళిద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. అంత మంచి పని ఆయన ఇంకెవరికీ చేసి ఉండడు. ఆ పని చేసిన చేతుల మీదనే మేము నింద వేశాం.

రెండు నెలలు కాదు. ఖాసీం వెల్డింగుకు పోతే ప్రాణాలు పోతాయని మంథనిలో పేరు పడిపోయింది. జీపులవాళ్ళు కరీంనగర్ పోవడం మొదలుపెట్టారు. మొదట్లో మా అవ్వ కూడా, "వాని చేతులు పడిపోను" అని వాకిట్లో కూర్చుని మన్నెత్తి పోసి శపించింది. నేను ఆ పక్కనే కూర్చుని విన్నాను. ఏడాది తిరక్కుండా ఆయన షెడ్డు మూసి, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఇచ్చోడ వెళ్ళిపోయాడు. అక్కడ నాగపూర్ రోడ్డు మీద లారీలకు టింకరింగ్ చేసుకుంటూ ఆరేళ్ళున్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన మాటలో మరాఠీ ముక్కలు, గడ్డంలో తెలుపు చేరాయి. బాపు మాత్రం ఆటోలు వచ్చి గిరాకీ పడిపోయేదాకా అదే జీపు నడిపాడు. ఆ మోరీ దగ్గర ఎప్పుడూ బండి ఆపి, దిగి, మళ్ళీ ఎక్కేవాడని నాతో వేరేవాళ్ళు చెప్పారు.

జీపు ఇంటికొచ్చాక మొదటి శుక్రవారం అవ్వ అలవాటు కొద్దీ బకెట్ పట్టుకుని లేచింది. కొత్త రంగు, తడి తగలొద్దని బాపు ఆపాడు. మరో శుక్రవారం కూడా అలాగే ఆపాడు. ఆమె బకెట్ కింద పెట్టి, వెనక తలుపు తీసి, మెరుస్తున్న కొత్త అడుగును చాలాసేపు చూసింది. తర్వాత ఒక రోజు పెద్దపల్లిలో చిన్నమ్మను చూసొస్తానని ఒక్కతే బస్సెక్కింది. సాయంత్రం వచ్చి అన్నం తినకుండా పడుకుంది. కొడుకు పోయిన తల్లి, తినకపోతే వింతేముందనుకున్నాం. ఆ తర్వాత శుక్రవారం బకెట్ ఇంట్లో కనిపించలేదు, ఆమె జీపును ముట్టుకోనూ లేదు. ఎవరన్నా ఖాసీంను తిడుతుంటే లేచి లోపలికి పోయేది. అన్న సంగతి వినలేకపోతోందని నేను అర్థం చేసుకున్నాను. తెలివైనదాన్నని నాకు పేరు.

రేకు ముక్క దొరికిన నాలుగో రోజు దాన్ని సంచిలో వేసుకుని పెద్దపల్లి వెళ్ళాను. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు గాజు తలుపుల దుకాణం, చాచా మనవడిది. బండికి సొట్టపడితే ఇప్పుడు తట్టి వినేవాడు లేడు, తలుపుకు తలుపే మార్చి పంపుతారు, లోపల ఏముందో చూసే తీరిక ఎవరికీ లేదు. చాచా వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. ఎనభై దాటాయి, కళ్ళు మసకలు, చెవులు మాత్రం ఇంకా చురుకు. నా గొంతు వినగానే, "సరోజ గదా" అన్నాడు. అవ్వ పోయిందని చెప్పాను. ఆయన పెదాలు కదిలాయి, ఏదో చదువుకున్నాడు. ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో ఒకసారి అంచు వెంబడి తడిమాడు, అంతే.

"గిది మీ జీపుది. ఎక్కడ దొరికింది?"

"అవ్వ సందుగల. ఆమె దగ్గరికి ఎట్ల వచ్చింది చాచా?"

ఆయన ముక్కను పిడికిట్లో మూశాడు. "ఆమె ఉన్నన్ని రోజులు చెప్పనని మాటిచ్చిన. ఇప్పుడైతె చెప్పచ్చు" అన్నాడు. "ఒక దినం పగటీలి మీ అవ్వ వచ్చింది. తిట్టనీకి వచ్చిందనుకున్న. లేదు. 'ఖాసీమన్నా, వెల్డింగ్ ఇడిస్తే అడుగంత ఎందుకు మార్సినవ్?' అన్నది. ఏదో ఒకటి చెప్పిన. ఇనలే. 'మా శుక్రారం బకీటు అడుగు ఏడాదికోసారి పోతది. ఎందుకు పోతదో ఇయ్యాల సమజైంది' అన్నది. బయట కుప్పకాడ కూసోని ముక్కలు ఏరింది. ఒకటి తీసి, నేను జేసినట్టే, నాలికె మీద పెట్టుకున్నది."

"ఏడ్సిందా?"

"లేదు బిడ్డా. ఏడిస్తె మంచిగుండేది. గట్లనే కూసున్నది. నీళ్ళిస్తే తాగింది. 'నిన్ను తిట్టిన నోటితోనే అడుగుతున్న, నింద నువ్వే మొయ్యాలె. ఇంట్ల నేను చెప్పలేను' అన్నది. సరే చెల్లే అన్న. అందుకే ఊరిడిసిన గని నోరిప్పలే."

నా కళ్ళు నిండాయి. "బాపు కోసం దాచింది. ఆమెకు తెల్వదన్న ధైర్యంతోనే కద ఆయన బతికింది" అన్నాను.

చాచా తల అడ్డంగా ఊపాడు. "మీ బాపు పేరే తియ్యలే. నీ పేరు దీసింది. 'ఉప్పు కలిపేది మా సరోజ. అన్నంటే దానికి పానం. దానికి ఎన్నడు తెల్వద్దు. నేనైతె మోస్త, అది మొయ్యలేదు' అన్నది. నువ్వు ఆ దినం గీడనే నిలబడి ఉన్నవని, నీకు అంత తెలుసని, నేను చెప్పలే. చెప్పబుద్ధి గాలే."

ఆయన ముక్కను తిరిగి నా చేతిలో పెట్టి, మనవడిని పిలిచి దానికి కొంచెం నూనె రాసివ్వమన్నాడు, జంగు ఇంక ముందుకు పోకుండా ఉంటుందని. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. వద్దన్నాడు. మంథనిలో అందరికీ నిజం చెబుతానన్నాను. ఆయన నవ్వి, "ఎవలికి జెప్తవు? నన్ను తిట్టినోళ్ళు ఒక్కలన్న ఉన్నరా?" అన్నాడు. నిజమే. ఎవరూ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆలస్యంగా, ఆయన చదవలేని కళ్ళతో ఉన్నప్పుడు.

బస్సులో తిరిగి వస్తుంటే ఆ మోరీ ఎక్కడో తెలియలేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయినట్టుంది. నాకు అన్న చనిపోయిన తర్వాతి శుక్రవారాలు గుర్తుకొచ్చాయి. అవ్వ ఇల్లు కడగడం మానలేదు, కానీ ఉప్పు డబ్బా పై అరకు ఎక్కింది, నన్ను బావి దగ్గరికి రానిచ్చేది కాదు. "నువ్వు సదువుకో పో. నీళ్ళు నేను తెచ్చుకుంట" అని వెనకింట్లోకి తోలి తలుపు దగ్గరికి వేసేది. కొడుకు లేడు కాబట్టి కూతురన్నా చదువుకోవాలని ఆమె తాపత్రయం అనుకున్నాను, పని తప్పినందుకు సంతోషించాను కూడా. ఆ శుక్రవారాల్లో చదివిన చదువుతోనే, అన్న ఎగతాళిగా అన్నట్టే, నేను పంతులమ్మనయ్యాను. నలభై ఏళ్ళు ఆమెను నేను కాపాడుతున్నాననుకున్నాను. తలుపు అవతల బావి గిలక కిర్రుకిర్రుమంటూ ఉండేది, నడుము నొప్పితో అవ్వ ఒక్కతే నీళ్ళు చేదుకుంటూ ఉండేది, నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.